తలుపుకు అంటిస్తే సమన్లు అందినట్టేనా?

మెట్టపొలం:
రెండెకరాల పొలం గురించి మా నాన్న మీద దావా పడింది. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఎక్స్‌పార్టీ డిక్రీ (నాన్న హాజరు లేకుండానే ఇచ్చిన తీర్పు) వచ్చి ఏడు నెలలైంది. అవతలివాళ్లు కొలతలకని సర్వేయర్ని తీసుకొస్తే తెలిసింది. కోర్టులో నకళ్లు తీయించాం. సమన్ల వెనక ఉన్నది ఇంతే: "ఇంటికి తాళం. తలుపుకు అంటించాను." టైము లేదు, సాక్షి పేరు లేదు. అప్పుడు నాన్న కంటి ఆపరేషన్ కోసం నా దగ్గర ఉన్నారు. దీన్ని సర్వీసు (సమన్లు అందజేయడం) అంటారా?

వాది కొడుకు:
మీ బాధ నిజమే, మా బాధ కూడా వినండి. మా దావాలో ప్రతివాది, అమీను (సమన్లు తెచ్చే కోర్టు ఉద్యోగి) వస్తున్నాడని తెలియగానే పెరటి దారిన వెళ్లిపోయేవాడు. రిజిస్టర్డ్ పోస్టు 'తీసుకోలేదు' అని తిరిగొచ్చింది. నాలుగేళ్లు వాయిదాలతోనే గడిచాయి. అంటించినా చెల్లదంటే మాలాంటివాళ్లు ఎక్కడికి పోవాలి? సరైన అడ్రసుకు పోస్టులో పంపితే అందినట్టే అనుకోవాలని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది కదా.

సివిల్ వకీలు:
అలా అనుకోవాలి, కానీ అందలేదని రుజువు చేసుకునే అవకాశం ప్రతివాదికి ఉంటుంది.

అంటించడానికి వేరే లెక్క ఉంది. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 5 రూల్ 17 ప్రకారం అమీను ముందు గట్టిగా ప్రయత్నించాలి. మనిషి ఇంట్లో లేకపోవడం ఒక్కటే చాలదు, త్వరలో దొరికే సూచన కూడా ఉండకూడదు. అంటించాక ఏ పరిస్థితిలో అంటించాడో, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేరు, అడ్రసుతో రిపోర్టు రాయాలి. 'ఎప్పుడొస్తాడు' అని పక్కింట్లో అడిగినట్టు కూడా లేని రెండు ముక్కల రిపోర్టు చాలా బలహీనం.

వాది కొడుకు గారూ, ఇది మీకూ పనికొస్తుంది. రిపోర్టుకు అమీను అఫిడవిట్ (ప్రమాణపత్రం) లేకపోతే రూల్ 19 కింద కోర్టు అమీనుని ప్రమాణం మీద విచారించాలి. ఉన్నా విచారించవచ్చు. సమన్లు సక్రమంగా అందాయని కోర్టు ఆర్డరు కూడా ఉండాలి. డిక్రీ కోసం తొందరపడి దీన్ని వదిలేస్తే, తర్వాత కేసు మళ్లీ మొదటికొస్తుంది. నేను చాలా బాధపడే విషయం ఇదే.

వాది కొడుకు:
ఒప్పుకుంటాను. కానీ ఊరంతా తెలిసిన కేసు ఇంట్లోవాళ్లకు తెలియదంటే?

సివిల్ వకీలు:
ఊరికి తెలిస్తే చాలదు. ఆర్డర్ 9 రూల్ 13లో ఉన్నది వేరు: వాయిదా తేదీ ప్రతివాదికి తెలిసి, హాజరవడానికి తగినంత టైము కూడా ఉందని కోర్టుకు నమ్మకం కుదిరితే, సర్వీసులో చిన్న లోపం ఉందని మాత్రమే డిక్రీ రద్దు చేయకూడదు. అది వాదికి మంచి బలం.

మెట్టపొలం గారూ, మీకు గడువు ముఖ్యం. 1963 లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ప్రకారం డిక్రీ రద్దు కోసం పిటిషన్ వేయడానికి మామూలుగా డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. పేపర్లో ప్రకటన వేసినా ఈ గడువు లెక్కకు అది సక్రమంగా అందినట్టు కాదు. అందలేదని చూపించాల్సింది మాత్రం మీరే. ఆస్పత్రి కాగితాలు తీయండి.

మెట్టపొలం:
ఇప్పుడే చూశాను. అంటించామన్న తేదీకి రెండు రోజుల ముందు ఆపరేషన్ అయినట్టు డిశ్చార్జి కాగితంలో ఉంది. సర్వేయర్ వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. సోమవారమే పిటిషన్ వేయిస్తాను.