లీర్‌లో బయట భోజనం: అమ్మను ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము బెల్జియం వచ్చి రెండు నెలలైంది. మావారి ఉద్యోగం ఆంట్వెర్ప్‌లో. అక్కడ అద్దెలు ఎక్కువని పక్కనే ఉన్న లీర్‌లో ఇల్లు తీసుకున్నాం. ఏప్రిల్ చివర్లో తెనాలి నుంచి అమ్మ వస్తోంది, మూడు నెలలు ఉంటుంది. అమ్మ మాంసం, చేప, గుడ్డు ముట్టదు. మేమిద్దరం కోడి, చేప తింటాం కానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినం.

ఇంతవరకు రెండుసార్లు బయట తిందామని వెళ్లాం. మొదటిసారి మంగళవారం రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరాం. పెద్ద కూడలి చుట్టూ ఉన్న హోటళ్లలో కొన్ని మూసి ఉన్నాయి, తెరిచి ఉన్నవాళ్లు వంటగది కట్టేశామన్నారు. చివరికి ఇంటికి వచ్చి చారన్నం తిన్నాం. రెండోసారి భోజనం దొరికింది కానీ మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి బిల్లులో వేశారు. అమ్మ మోకాళ్ల నొప్పి మనిషి, ఆమెను ఇలా వీధి వీధీ తిప్పలేను. ఎప్పుడు వెళ్లాలో, ఏమని అడగాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: లీర్‌లో పదేళ్లుగా ఉంటున్న ఒక అక్క

చెల్లీ, మన ఊరికి స్వాగతం. ముందు నీకు ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్లో మీ అమ్మగారు హాయిగా బయట కూర్చుని తినగలరు, కానీ అప్పటికప్పుడు తలుపు తోసుకుని వెళితే కుదరదు. అది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను.

మేము వచ్చిన రెండో ఏడు మా అత్తగారు వచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నది ఒడ్డున ఒక చోటికి తీసుకెళ్లాం. మెనూలో టమాటా సూప్ అని ఉంది. టమాటాయే కదా అని ఆమెకు అది చెప్పాను. వేడివేడిగా, ఎర్రగా, పైన కొత్తిమీరలాంటి ఆకు చల్లి తెచ్చారు. రెండు చెంచాలు తాగాక చెంచాకు ఏదో గుండ్రంగా తగిలింది. "ఇది పెసరపునుగా అమ్మా?" అని అడిగారు. చూస్తే మాంసం ఉండ. ఇక్కడ టమాటా సూప్ అంటే చిన్న మాంసం ఉండలు వేసి ఇవ్వడం ఇంటింటా ఉన్న అలవాటు, అందుకే కొన్నిచోట్ల మెనూలో ప్రత్యేకంగా రాయనే రాయరు. హోటల్ వాళ్లు మోసం చేయలేదు, నేనే అడగలేదు. అత్తగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికి వచ్చి తలస్నానం చేసి దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరువాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. వెళ్లేదానికి ఒకటి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఫోను చేస్తాను. ఆ వేళకు వంటవాళ్లకు కాస్త తీరిక ఉంటుంది. ఎంతమందిమి, ఎన్ని గంటలకు వస్తామో చెప్పి, ఒకరికి ఏమేమి పడవో ఒక్కొక్కటిగా చెబుతాను. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో ఎప్పుడూ ఆపవద్దు. ఆ మాట విన్నవాళ్లలో కొందరు చేప పరవాలేదనుకుంటారు. కూరగాయల సూప్‌ను కోడి ఎముకల రసంతోనో గొడ్డు ఎముకల రసంతోనో కాచినా అది వాళ్ల లెక్కలో కూరగాయల సూపే. ఆ రసాన్ని బూయోన్ అంటారు. కాబట్టి మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసపు బూయోన్ వద్దు, పాలు, వెన్న, చీజ్ పరవాలేదు అని విడివిడిగా చెప్పు. ఇంగ్లీషులో చెప్పినా ఇక్కడ చాలామందికి అర్థమవుతుంది. అయినా "ఇక్ ఏట్ ఖేన్ వ్లేస్", అంటే నేను మాంసం తినను, అని డచ్చిలో మొదలుపెడితే అవతలి గొంతు మారిపోవడం నేను చాలాసార్లు విన్నాను.

ముందే చెబితే వాళ్లు నిజంగా శ్రద్ధ తీసుకుంటారు. మీ అమ్మగారు వచ్చే వేళకు తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయ కాలం నడుస్తూ ఉంటుంది. మెకెలెన్ చుట్టుపక్కల పొలాల్లో పండుతుంది, జూన్ 24న సెయింట్ జాన్ పండుగతో ఆ కాలం ముగుస్తుందని ఇక్కడివారి లెక్క. ఫ్లెమిష్ పద్ధతిలో, అంటే మన ఈ డచ్చి మాట్లాడే ప్రాంతపు పద్ధతిలో, దానిమీద వెన్న, ఉడికించిన గుడ్డు చిదిమి వేస్తారు. గుడ్డు లేకుండా, వెన్న, ఉడికించిన ఆలుగడ్డలతో ఇమ్మని ముందే చెబితే చక్కటి భోజనం. విట్‌లోఫ్ అని తెల్లగా మొగ్గలా ఉండే ఆకుకూర ఉంది, కొంచెం చేదు. కాకరకాయ ఇష్టపడేవారికి తప్పకుండా నచ్చుతుంది. కానీ మామూలుగా దాన్ని పంది మాంసపు హామ్‌లో చుట్టి చీజ్‌తో కాలుస్తారు. హామ్ లేకుండా, వెన్నలో మగ్గించి ఇమ్మని అడగాలి.

వేళల సంగతి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, సాయంత్రం ఆరు నుంచి దాదాపు తొమ్మిది, వంటగది వేళలు ఇంతే అనుకో. తలుపులు పదకొండు దాకా తెరిచి ఉన్నా లోపల బీరు, కాఫీ తాగేవారే ఉంటారు. వారంలో ఒకటి రెండు రోజులు సెలవు. సాధారణంగా అది సోమ, మంగళ, బుధవారాల్లో పడుతుంది, ఒక్కొక్కరిది ఒక్కో రోజు. వేసవిలో రెండు మూడు వారాలు పూర్తిగా మూసి, తలుపుకు కాగితం అంటించి వెళ్లిపోయేవారూ ఉన్నారు. నువ్వు వెళ్లిన మంగళవారం రాత్రి తొమ్మిదికి నాకు కూడా ఏమీ దొరికేది కాదు. అమ్మగారితో అయితే మధ్యాహ్నమే మేలు. అప్పుడు దాఖ్‌స్ఖోటెల్, అంటే ఆ రోజు వంటకం, తక్కువ ధరకు ఉంటుంది. మీ ఇద్దరికి అది సరిపోతుంది, అదేమిటో అడిగి తీసుకోండి.

నీళ్లకు డబ్బు తీసుకోవడం ఇక్కడ అందరికీ మామూలే, మిమ్మల్ని కొత్తవారని చేసింది కాదు. కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న నియమం లేదు. అడిగి చూడవచ్చు, కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. సీసా తీసుకుంటే గ్యాసు లేనిది కావాలని చెప్పు, దాన్ని "ప్లాట్" అంటారు. లేకపోతే సోడా వచ్చి అమ్మగారు ఇబ్బంది పడతారు. టిప్పు తప్పనిసరి కాదు, సేవ ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. నచ్చితే చిల్లర వదిలి రావచ్చు.

ఇంకొకటి, మెనూ కింద అలెర్జీల గురించి రాసి ఉంటుంది. 2014 డిసెంబరు నుంచి ఐరోపా చట్టం ప్రకారం 14 రకాల పదార్థాల సమాచారం అడిగినవారికి చెప్పి తీరాలి. వాటిలో గుడ్డు, పాలు, చేప, రొయ్యల జాతి, ఆవాలు ఉన్నాయి. మాంసం మాత్రం లేదు! గుడ్డు గురించి ఆ పట్టికను నమ్మవచ్చు, మాంసం గురించి నోరు తెరిచి అడగవలసిందే. పట్టికలో లేదు కదా అని నేను ఒకప్పుడు పొరపడ్డాను.

జవాబు: లూవెన్ నుంచి ఒక పరిశోధక విద్యార్థి

అక్క చెప్పినవన్నీ నిజం. నేను ఫ్రిట్‌కోట్‌ల గురించి, అంటే ఫ్రిట్‌లు (ఆలుగడ్డ వేపుడు) అమ్మే చిన్న దుకాణాల గురించి రాస్తాను. కొత్తగా వచ్చిన మన శాకాహారులు ఎక్కువగా పొరబడేది అక్కడే.

ఆలుగడ్డ వేపుడే కదా అని అందరూ ధైర్యంగా తింటారు. కానీ బెల్జియంలో ఫ్రిట్‌లను సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు. దాన్ని ఒస్సెవిట్ అంటారు. బింట్యె రకం ఆలుగడ్డను ముందు తక్కువ వేడిలో ఒకసారి, చల్లారాక ఎక్కువ వేడిలో రెండోసారి వేయిస్తారు, ఆ కరకరలో, ఆ వాసనలో కొవ్వుకూ పాత్ర ఉంది. వాళ్లకు అది గర్వకారణం. 2014లో ఫ్లాండర్స్, అంటే డచ్చి మాట్లాడే ఉత్తర బెల్జియం, తన వారసత్వ జాబితాలో ఫ్రిట్‌కోట్ సంస్కృతిని చేర్చుకుంది కూడా. మనలో దీనికి పట్టింపు లేనివారు ఎందరో ఉన్నారు, వారు ఆనందంగా తినవచ్చు. పట్టింపు ఉన్నవారు మాత్రం "ప్లాంటార్డిగె ఓలీ?", అంటే మొక్కల నూనేనా, అని అడగాలి. అవునన్నా మరో ప్రశ్న ఉంది. మాంసం కట్లెట్లు కూడా అదే నూనెలో వేస్తున్నారా? చిన్న బండి దుకాణాల్లో తరచూ అదే జరుగుతుంది. హోటళ్లలో కూరతోపాటు వచ్చే ఫ్రిట్‌లకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది, ఫోను చేసినప్పుడు దీన్ని కూడా కలిపి అడగండి. పైన వేసే మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది. అమ్మగారికైతే బింట్యె ఆలుగడ్డలు కొని ఇంట్లో రెండుసార్లు వేయించి పెట్టండి, నేను మా నాన్నగారికి అలాగే చేశాను.

మీ ఇద్దరి కోసం కొన్ని పేర్లు. కిప్ అంటే కోడి, కానీ కిప్‌కాప్ కోడి కాదు, పంది తల మాంసంతో చేసేది. వొలొవాన్ కోడి కూర అని చెబుతారు, నిజమే, కానీ అందులో పంది లేదా దూడ మాంసపు చిన్న ఉండలు కలుపుతారు. స్టోఫ్‌వ్లేస్ బీరులో ఉడికించిన గొడ్డు మాంసం, ఆ రసాన్ని ఫ్రిట్‌ల మీద కూడా పోస్తారు. ఖెహాక్ట్ అంటే కైమా, సాధారణంగా పంది, గొడ్డు కలిపింది. మేక చీజ్ సలాడ్ అని ఉంటే అందులో స్పెక్, అంటే పంది మాంసపు ముక్కలు ఉండే అవకాశం చాలా ఎక్కువ.

అక్కతో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. ఫోను కన్నా ముందురోజు స్వయంగా వెళ్లడం మంచిదని నా నమ్మకం. మనిషిని చూసి మాట్లాడితే వంటవాళ్లను పిలిచి అడుగుతారు. నేను తినని వాటి పేర్లు డచ్చిలో చీటీ మీద రాసి ఇస్తాను, అది నేరుగా వంటగదిలోకి వెళుతుంది. మాటగా చెప్పింది దారిలో సగం పోతుంది.

డబ్బు చెల్లించడం గురించి ఎవరూ రాయలేదు. 2022 జూలై 1 నుంచి ప్రతి వ్యాపారీ కనీసం ఒక ఎలక్ట్రానిక్ చెల్లింపు పద్ధతి ఇవ్వాలని ఇక్కడి చట్టం. ఆ ఒక్కటీ చాలాచోట్ల బ్యాంకాంటాక్ట్ అనే ఇక్కడి బ్యాంకు కార్డుల పద్ధతి అవుతుంది, అది మన ఇండియా క్రెడిట్ కార్డుకు పనికిరాదు. ఇక్కడి బ్యాంకు కార్డు వచ్చేదాకా చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

జవాబు: నామూర్ నుంచి

అమ్మగారిని తప్పకుండా దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే దినాన్, దుర్బ్యుయి ఊళ్ల వైపు తీసుకొస్తారు కదా, అందుకని ఇటువైపు ఫ్రెంచి మాటలు రాస్తున్నాను. డచ్చి మాటలు ఇక్కడ నడవవు. "సాఁ వియాండ్" అంటే మాంసం లేకుండా, "సాఁ ప్వాసోఁ" అంటే చేప లేకుండా, "సాఁ లార్దోఁ" అంటే పంది మాంసపు ముక్కలు లేకుండా. బెఫ్ అంటే గొడ్డు మాంసం, పోర్ అంటే పంది. "అమెరికెఁ" అనే పేరు చూసి ఏదో బర్గర్ అనుకోవద్దు, అది పచ్చి గొడ్డు మాంసం కైమా, రొట్టె మీద పూసి ఇస్తారు. నది పక్క ఊళ్లలో ఎండ ఉన్న ఆదివారం మధ్యాహ్నం ముందుగా చెప్పకపోతే కుర్చీ దొరకదు.

మళ్లీ అడిగినవారు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఫ్రిట్‌ల సంగతి చదివి మనసు చివుక్కుమంది, మేము ఇప్పటికే నాలుగైదుసార్లు తిన్నాం. ఇకమీద అడిగి తింటాం. ఇంకో సందేహం. మూడు నెలల్లో ఒక్కసారైనా అమ్మ ఏమీ అడగకుండా, భయం లేకుండా తినే చోటు దగ్గరలో ఉందా? లీర్‌కు ప్రత్యేకమైన తీపి ఏదైనా ఉంటే అదీ చెప్పండి, అమ్మకు తీపి అంటే ప్రాణం.

జవాబు: లీర్ అక్క

చెల్లీ, తెలియక తిన్నదానికి బాధపడకు. ఉంది, రైలులో ఇరవై నిమిషాల దూరంలో. ఆంట్వెర్ప్ స్టేషను పక్కనే వజ్రాల వీధులు ఉన్నాయి కదా, అక్కడి వ్యాపారుల్లో గుజరాత్‌లోని పాలన్‌పూర్ నుంచి వచ్చిన జైన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల వల్ల ఆ చుట్టుపక్కల పూర్తి శాకాహార భోజనం దొరుకుతుంది. గుడ్డు గురించి అడగవలసిన పనే ఉండదు. మా అత్తగారు అక్కడ మొదటిసారి పప్పు కలుపుకుని తిన్న రోజు ఆమె ముఖం చూడవలసింది. ఆంట్వెర్ప్ శివారులో విల్రైక్ దగ్గర పాలరాతి జైన దేవాలయం ఉంది, రెండూ ఒకే రోజు పెట్టుకో. అయితే ప్రతి వారం అక్కడికే పరుగెత్తవద్దు. మన ఊళ్లో ఒక్క చోటు ఎంచుకుని నెలకు రెండుసార్లు అక్కడికే వెళ్లు. మూడోసారికి అమ్మగారికి ఏం పడదో వాళ్లకు గుర్తుంటుంది. మా అత్తగారు కుర్చీలో కూర్చోగానే మేం అడగకుండానే గ్యాసు లేని నీళ్లు తెచ్చిపెట్టేవారు. విద్యార్థి తమ్ముడు చెప్పిన చీటీ ఉపాయం నాకు నచ్చింది, నేను కూడా ఇకనుంచి రాసి ఇస్తాను.

తీపి ఉంది. లీర్ వ్లాయికె. అరచేతిలో పట్టేంత చిన్న గుండ్రటి టార్టు. పాలు, రొట్టె పొడి, ముదురు పంచదార పాకం కలిపి లోపల నింపుతారు. అందులో పడే నాలుగు సంబారాలు దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, ఇంకా ధనియాలు! తీపిలో ధనియాలు ఏమిటని నేను మొదట ఆశ్చర్యపోయాను. ఆ పేరుకు ఐరోపా సమాఖ్య రక్షణ కూడా ఉంది. పైపొరలో గుడ్డు, జంతు కొవ్వు పడ్డాయో లేదో దుకాణాన్ని బట్టి అడిగి కొను. గుడ్డు గురించి వాళ్లు చెప్పి తీరాలి, కొవ్వు గురించి నువ్వే గుర్తుపెట్టుకుని అడుగు. సరేనన్నారంటే నాలుగు కట్టించుకుని జిమ్మర్ గడియారం గోపురం ఎదుట బల్ల మీద అమ్మగారిని కూర్చోబెట్టి తినిపించు. అందులో ఏ సంబారాలు ఉన్నాయో నువ్వు ముందు చెప్పవద్దు, ఆమెనే కనిపెట్టనివ్వు. మా అత్తగారు మొదటి ముక్కకే ధనియాలని చెప్పేశారు.