థైమోమా తీసేశాక జీన్ టెస్ట్ అవసరమా, దండగా?

కొత్తసభ్యుడు9: అమ్మకు గుండె ముందు ఉన్న గడ్డ తీసేశారు. రిపోర్టులో థైమోమా (ఛాతీలోని థైమస్ గ్రంథిలో వచ్చే గడ్డ), ఏబీ రకం (మైక్రోస్కోప్‌లో కణాల తీరును బట్టి పెట్టిన పేరు), గడ్డ పైపొర దాటలేదని ఉంది. జీన్ టెస్ట్ చేయించమని ఒకరు, అక్కర్లేదని ఒకరు. మీరేమంటారు?

చెట్టునీడ: చేయించండి. జీటీఎఫ్2ఐ అనే జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారుతుంది, టి ఉండాల్సిన చోట ఏ. 2014లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పేపర్ ప్రకారం ఏ రకంలో 82 శాతం, ఏబీలో 74 శాతం గడ్డల్లో ఇది ఉంది. అది ఉన్నవాళ్లే ఎక్కువకాలం బతికారు కూడా. తెలుసుకుంటే పోయేదేముంది?

స్లైడ్‌పెట్టె: 15 ఏళ్లుగా మైక్రోస్కోప్ ముందు కూర్చుంటున్నా. పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఆ మార్పు ఉందని తేలినా దానికి మందు లేదు. కోసిన అంచుల్లో గడ్డ కణాలు మిగలకుండా శుభ్రంగా వచ్చాయా లేదా, అది చూడండి ముందు.

వాలినరెప్ప: సాయంత్రానికి ఆవిడకు రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం ఉందా? థైమోమాతో పాటు మస్తీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) రావచ్చు, నాది అలాగే బయటపడింది.

చెట్టునీడ: స్లైడ్‌పెట్టె గారూ, దండగ అంటారు, అంతేగా? మా అన్నయ్యది థైమిక్ కార్సినోమా, అదే గ్రంథిలో వచ్చే ఇంకా మొండి క్యాన్సర్. రిపోర్టులో సీడీ117 (కిట్ అనే జీన్ తయారుచేసే ప్రోటీన్) స్టెయిన్ పాజిటివ్ అని చూసి, దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రలు రాశారు. మొహం, కాళ్లు వాచిపోయి కూడా 5 నెలలు మింగాడు, గడ్డ ఆగలేదు. స్టెయిన్ పడటం వేరు, కిట్ జీన్ మారడం వేరని, ఆ మందు ఎక్కువగా పనిచేసేది జీన్ మారినప్పుడేనని అంతా అయ్యాక చదివి తెలుసుకున్నా.

స్లైడ్‌పెట్టె: దండగ అనే మాట నేను వాడలేదు. కార్సినోమాలో అయితే నేనూ చేయించమనే అంటాను. అక్కడ సీడీ117 స్టెయిన్ పదింట ఎనిమిదింటికి పడుతుంది, కిట్ మార్పు పదింట ఒకదానికి ఉంటే గొప్ప. కానీ ఇక్కడ అడిగింది ఏబీ గురించి.

చెట్టునీడ: వచ్చేదేమీ లేదంటే దండగనే అర్థం.

పెద్దకోడలు: పాపం, అడిగినాయన ఎటు పోయాడో.

స్లైడ్‌పెట్టె: సరే, అసలు మాట చెప్తా. 2018లో టీసీజీఏ (క్యాన్సర్ జీన్లను పరిశీలించిన అమెరికా ప్రాజెక్టు) వాళ్లు 117 థైమస్ గడ్డలు చూస్తే, పెద్దవాళ్ల క్యాన్సర్లలో ఇంత తక్కువ మ్యుటేషన్లు (జీన్ మార్పులు) ఉన్నది ఇదే అని తేలింది. ఒకేసారి చాలా జీన్లు చూసే పెద్ద ప్యానెల్ టెస్ట్ వేయించినా చాలాసార్లు ఖాళీ కాగితం వస్తుంది, దాన్ని చూసి క్యాన్సరే కాదనుకుని స్కాన్లు మానేస్తారు. ఇదేమో పదేళ్లకైనా తిరగబెట్టే రకం. మీ ఇంటి కోపం తెచ్చి ఇంకొకరి అమ్మ మీద పెట్టకండి.

చెట్టునీడ: కోపమే. అన్నయ్య గడ్డ ముక్క మైనం బ్లాకులో ఆస్పత్రి ల్యాబ్‌లోనే ఉంది, పోయాక వెళ్లి అడిగితే "ఇప్పుడు చూసి ఏం చేస్తారు" అన్నారు. మందు దొరుకుతుందని అడగలేదండీ నేను. మా వాడి ఒంట్లో ఏముందో మాకు చెప్పమన్నాను. మీరూ మొదటి పోస్టులో అదే మాట అన్నారు.

స్లైడ్‌పెట్టె: ఆ మాట నేనూ కొంతమందితో అన్నాను. బ్లాకులు ఏళ్ల తరబడి దాస్తారు, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఏబీ విషయంలో మాత్రం నా మాట అదే.

కొత్తసభ్యుడు9: అంచులు శుభ్రం అనే రాశారు. కానీ వాలినరెప్ప గారూ, అమ్మ సాయంత్రం పూట ఒక కన్ను మూసుకుని టీవీ చూస్తోంది. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాం.

వాలినరెప్ప: జోడు కాదు. మస్తీనియాను పట్టే రక్తపరీక్ష, ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ టెస్ట్ అని అడగండి. రేపే వెళ్లండి. మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా ఈ రాత్రే.