బీపీకి ఇంకా ఎటెనొలాలేనా?

బ్రాడీపేట అబ్బాయి:
మా నాన్నగారికి 68. పన్నెండేళ్ళుగా పొద్దున్నే ఎటెనొలాల్ 50 బిళ్ళ వేసుకుంటారు. మొన్న బెజవాడ సూర్యారావుపేటలో కొత్త డాక్టరుగారు "బీపీకి ఇప్పుడిది ముందుగా రాయట్లేదండీ, మారుద్దాం" అన్నారు. గుంటూరు కొత్తపేటలో ఎప్పుడూ చూసే ఆయనేమో "కదపొద్దు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కృష్ణలంక:
మా అమ్మ ఇరవై ఏళ్ళు అదే వాడింది. నిక్షేపంలా ఉంది. చవక మందు మాన్పించి ఖరీదైనది అంటగట్టే వ్యాపారం, అంతే.

మందుల కొట్టు:
వ్యాపారం అంటే ఒప్పుకోనండీ, బదులుగా రాసే ఎమ్లోడిపిన్ కూడా చవకే. 2002లో వచ్చిన లైఫ్ అనే పెద్ద పరీక్షలో బీపీతో పాటు గుండె గోడ మందమైన తొమ్మిది వేల పైచిలుకు మందిలో కొందరికి లోసార్టాన్ అనే ఇంకో బీపీ మందు, కొందరికి ఎటెనొలాల్ ఇచ్చారు. బీపీ ఇద్దరికీ దాదాపు ఒకేలా దిగింది. పక్షవాతం మాత్రం లోసార్టాన్ వాళ్ళలో పావు వంతు తక్కువ. చేతికి పట్టీ కట్టి చూస్తే కనపడని తేడా అది. 2006లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ బీటా బ్లాకర్లని, అంటే ఎటెనొలాల్ కుటుంబం మందుల్ని, మొదటి వరుసలోంచి తీసేసింది.

కృష్ణలంక:
2023లో యూరప్ హైపర్‌టెన్షన్ సొసైటీ వాళ్ళు బీటా బ్లాకర్లని మళ్ళీ ప్రధాన మందుల్లో చేర్చారుగా? అదెందుకు చెప్పరు?

మందుల కొట్టు:
చేర్చారు, నిజమే. పైగా అప్పట్లో ఓడింది ఎక్కువగా ఎటెనొలాల్. అదే కుటుంబంలోని నెబివొలాల్, కార్వెడిలాల్ రక్తనాళాల్ని కూడా వదులు చేస్తాయి, అన్నింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ వట్టి బీపీయే అయితే, అందులోనూ అరవై దాటితే, నా ఓటు వేరే మందుకే. యాంజైనా (గుండెకి రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) ఉన్నా, గుండె లయ తప్పినా లెక్క మారుతుంది. అబ్బాయిగారూ, అసలు ఆ బిళ్ళ మొదట దేనికి రాశారు? ఆయాసం, షుగర్ ఉన్నాయా? షుగర్ డౌనయితే వచ్చే దడనీ వణుకునీ ఇది తెలియనివ్వదు, చెమటే ముఖ్యమైన గుర్తు. ఇంకోటి, డాక్టరు చెప్పకుండా టక్కున ఆపకండి. మా కొట్టుకొచ్చే ఒకాయన తిరపతి వెళ్తూ స్ట్రిప్ మర్చిపోయారు. మూడో రోజుకి గుండె పరుగో పరుగు.

బ్రాడీపేట అబ్బాయి:
షుగర్ లేదండీ. నాడి ఇప్పుడే లెక్కపెట్టా, 54. మీరడిగారని అమ్మ బీరువా అడుగునుంచి పాత ఫైలు తీసింది. ఛాతీనొప్పితో చేరినప్పటి కాగితాలవి, ఈ బిళ్ళ అప్పుడే మొదలైంది. సూర్యారావుపేటలో ఆ సంగతి మేం చెప్పనేలేదు.