టౌటన్ కణాలు లేకపోతే జేఎక్స్‌జీ (జువెనైల్ జాంతోగ్రాన్యులోమా) కాదనుకోవాలా?

ఆరేళ్ల పాప. నాలుక కుడి అంచున 8 మి.మీ. గడ్డ, లేత పసుపు రంగు, నొప్పి లేదు, పుండు పడలేదు. మొత్తంగా కోసి పంపాం. స్లైడులో ఎపిథీలియం (పైపొర) కింద హిస్టియోసైట్ల (కణజాలంలో ఉండే రోగనిరోధక కణాలు) గుంపులు, అక్కడక్కడ ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు). టౌటన్ కణం (కేంద్రకాలు వలయంలా అమరిన పెద్ద కణం) ఒక్కటీ లేదు. కణాల రకం గుర్తించే స్టెయిన్లలో సీడీ68 పాజిటివ్, ఎస్100 చెదురుమదురుగా పాజిటివ్. ‘హిస్టియోసైటిక్ లీజన్, లాంగర్‌హాన్స్ (లాంగర్‌హాన్స్ కణాల హిస్టియోసైటోసిస్ అనే జబ్బు) కావచ్చు’ అని రిపోర్ట్ వచ్చింది. మాకు జేఎక్స్‌జీ, అంటే పిల్లల్లో ఎక్కువగా వచ్చే, క్యాన్సర్ కాని హిస్టియోసైట్ల గడ్డ అనిపిస్తోంది. ఇంకేం చేయించాలి?

జవాబు 1
సీడీ68తో ఏదీ తేలదండీ. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అనే వేరే గడ్డకి కూడా పడుతుంది. అదే బ్లాక్ (మైనంలో పెట్టిన కణజాలం) మీద సీడీ1ఏ, లాంగరిన్, సీడీ163, ఫ్యాక్టర్ 13ఏ స్టెయిన్లు అడగండి. మొదటి రెండూ నెగెటివ్, తర్వాతి రెండూ పాజిటివ్ అయితే మీ అనుమానమే బలపడుతుంది. టౌటన్ కణాలు లేవని జేఎక్స్‌జీని కొట్టేయకండి, కొత్తగా లేచిన గడ్డల్లో తరచూ ఉండవు. ఇసినోఫిల్స్ రెండింట్లోనూ ఉంటాయి, వాటిని చూసి లాంగర్‌హాన్స్ అనేయడం తొందరపాటు.

సీడీ1ఏ స్లైడులో ముందు పైనున్న ఎపిథీలియం చూడండి. అక్కడ సహజంగా ఉండే లాంగర్‌హాన్స్ కణాలకు రంగు పట్టి, కింది గుంపుకు పట్టకపోతేనే ఆ నెగెటివ్‌ని నమ్మాలి. పైన కూడా పట్టలేదంటే స్టెయిన్‌నే అనుమానించాలి, మళ్లీ వేయించండి.

జవాబు 2
ఎస్100 ఏ కణాలకు పట్టిందన్నదే అసలు సంగతి. పెద్ద, పాలిపోయిన హిస్టియోసైట్లకే గట్టిగా పట్టి, వాటి లోపల లింఫోసైట్లు చెక్కుచెదరకుండా కనిపిస్తే అది రోజై-డార్ఫ్‌మన్ అనే మరో హిస్టియోసైట్ల జబ్బు. అందులోనూ సీడీ1ఏ నెగెటివే, కాబట్టి ఆ ఒక్క నెగెటివ్ చూసి జేఎక్స్‌జీ అని రాసేయకూడదు. కాఫీ గింజలా గాడి పడ్డ కేంద్రకాలు, సీడీ1ఏ, లాంగరిన్ పాజిటివ్: ఇది లాంగర్‌హాన్స్. అప్పుడు దవడలతో మొదలుపెట్టి ఎముకలన్నీ, కాలేయం, రక్తం చూడాల్సిందే. ఏఎల్‌కే (ఒక ప్రోటీన్) స్టెయిన్ కూడా కలపండి. ఏఎల్‌కే పాజిటివ్ హిస్టియోసైటోసిస్ చూడ్డానికి జేఎక్స్‌జీలాగే ఉండొచ్చు, దానికి మందు వేరే ఉంది.

అడిగినవారు
బ్లాక్‌లో మిగిలింది చాలా తక్కువ. వరసేంటి?

జవాబు 1
అన్ని స్టెయిన్లకూ సరిపడా సెక్షన్లు ఒకేసారి కోయించి, రంగు వేయకుండా ఉంచమనండి. విడతలవారీగా అడిగితే ప్రతిసారీ బ్లాక్ ముఖం సరిచేయడంలోనే కణజాలం వృథా అవుతుంది. ముందు లాంగరిన్, సీడీ1ఏ, తర్వాత ఫ్యాక్టర్ 13ఏ, ఏఎల్‌కే, చివర్న సీడీ163. ఈలోగా పాప చర్మం మీద ఇలాంటి గడ్డలు, కాఫీ రంగు మచ్చలు ఉన్నాయేమో చూడండి. మచ్చలుంటే న్యూరోఫైబ్రొమటోసిస్ అనే జన్యు జబ్బు సంగతి పిల్లల డాక్టరుకు చెప్పాలి.