చర్చ: అప్పా జంక్షన్–మన్నెగూడ రోడ్డు. భూమి తీసుకునే ముందు బండ్ల లెక్క ఊరికి చూపించాలా?

తాండూరు ప్రయాణికుడు:
2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న ఆ 46 కిలోమీటర్ల జాతీయ రహదారిని నాలుగు లేన్లు చేస్తామని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. భూసేకరణ అన్నారు, మర్రిచెట్లు కొట్టొద్దని గ్రీన్ ట్రిబ్యునల్‌లో (పర్యావరణ కేసులు చూసే కోర్టు) కేసు అన్నారు. బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో కళ్లకు కనబడుతుంటే ఇంకా సర్వేలు ఎందుకు? భూమి తీసుకోండి, రోడ్డు వేయండి. మీరేమంటారు?

రోడ్ల ఇంజినీరు:
అన్నా, రోడ్డు వెడల్పు కావాలన్న దగ్గర నాకు రెండో మాట లేదు. లెక్క అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. ఎవరి భూమి పోతుందో తేల్చేది ఆ లెక్కే.

రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో వారం రోజులు, రాత్రింబవళ్లు బండ్లు లెక్కపెట్టాలి. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి కోతల సీజన్‌లో. అన్ని బండ్లనూ కార్ల లెక్కలోకి మార్చి కొలుస్తారు. 1990 నాటి మార్గదర్శకాల్లో కారు ఒక యూనిట్ అయితే మోటార్‌సైకిల్ అర, బస్సు, లారీ 3, ట్రాలీ ఉన్న ట్రాక్టర్ 4.5, ఎడ్లబండి 8. చదును నేల మీద రెండు లేన్ల రోడ్డుకు రోజుకు 15,000 యూనిట్లు పరిమితి. అంటే 3,000 లారీలు, టిప్పర్లు తిరిగితే చాలు, 9,000 అక్కడే అయిపోతాయి. ఆదివారం అనంతగిరికీ, ఫాంహౌస్‌లకూ పోయే కార్ల రద్దీ వారం సగటులో కనిపించకుండా పోతుంది. కాబట్టి ఏ రోజుల్లో లెక్కపెట్టారన్నది కూడా అడగాల్సిన విషయమే.

అసలు కీలకం దీని తర్వాత వస్తుంది. బండి ఆపి "ఎక్కడి నుంచి, ఎక్కడికి?" అని అడిగే సర్వే ఒకటుంటుంది. తాండూరు నుంచి సిమెంటు, నాపరాయి తెచ్చే లారీకి చేవెళ్లలో పనేమీ లేదు. మొయినాబాద్ కాలేజీ బస్సుకూ, కూరగాయల ఆటోకూ పని అక్కడే. మొదటి రకం ఎక్కువైతే బైపాస్ కావాలి, పొలాలు పోతాయి. రెండో రకం ఎక్కువైతే ఉన్న రోడ్డునే వెడల్పు చేసి సర్వీసు రోడ్లు వేయాలి, అప్పుడు దుకాణాలూ మర్రిచెట్లూ పోతాయి. ఇంత పెద్ద నిర్ణయం ఒక పట్టిక మీద నడుస్తుంటే, ఆ పట్టికను భూమి ఇచ్చేవాడు చూడకపోతే ఎలా?

రైతుబిడ్డ:
ఇంజినీరు గారు చెప్పింది మేం పడి చూశాం. ఇది కాదు, ఇంకో రోడ్డుకు మా నాన్న భూమి పోయింది. భూమి తీసుకుంటామని సర్కారు చెప్పే 3ఎ నోటిఫికేషన్ పేపర్లో వచ్చాకే సంగతి తెలిసింది. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు. పోతే పట్టాదారు పేరు సరిగ్గా ఉందా, ఎన్ని గుంటలు పోతోంది, ఇవే అడిగారు. "ఇంత వెడల్పు ఎందుకు సార్?" అంటే "డిజైన్ పైనుంచి వచ్చింది" అన్నారు. పరిహారం రిజిస్ట్రేషన్ విలువ మీద కట్టారు. దానికి 100 శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చేది) కలిపినా అదే ఊళ్లో అంత భూమి మళ్లీ కొనలేకపోయాం. రోడ్డుకు మేం అడ్డం కాదు. మమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోవడమే బాధ.

తాండూరు ప్రయాణికుడు:
మీ బాధ అర్థమైంది తమ్మీ. కానీ ఇవన్నీ చూపించి, ఒప్పించి, మళ్లీ మొదలుపెట్టేసరికి ఇంకో రెండేళ్లు పోవా? ఆ రెండేళ్లూ ఆ బస్సుల్లో తిరిగేది మా పిల్లలే.

రోడ్ల ఇంజినీరు:
మళ్లీ మొదలుపెట్టమని ఎవరన్నారన్నా? సర్వే జరిగాకే కదా డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి నివేదిక, తయారయ్యేది. అందులో ఉన్న లెక్కను తెలుగులో రెండు పేజీలు చేసి పంచాయతీ గోడకు అంటించడానికి ఒక్క రోజు చాలు. భూమి తీసుకుంటే ఊరి మీద ఏం ప్రభావం పడుతుందో ముందే చూసే సామాజిక ప్రభావ అంచనా 2013 భూసేకరణ చట్టంలో ఉంది గానీ, 1956 జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూములకు లేదు. 2013 చట్టం నుంచి 2015లో ఈ భూములకు వర్తించింది పరిహారం, పునరావాసం లెక్కలే. అందుకే ఊరికి వచ్చి వివరించే బాధ్యత ఎవరి మీదా పడటం లేదు. ఇదే రోడ్డు మీద కేసు నడిచాక చాలా మర్రిచెట్లు నిలిచేలా డిజైన్ మార్చారు. ఆ మార్పును రోడ్డు గీత గీసేనాడే ఆలోచించి ఉంటే ఎంత కాలం మిగిలేదో చూడండి.

ఈలోగా ఓవర్‌లోడ్ టిప్పర్లను ఆపడం, మలుపుల్లో బోర్డులు, రోడ్డు అంచులు గట్టిచేయడం, వీటికి గుంట భూమి కూడా అక్కర్లేదు. రేపే చేయొచ్చు, చేయాలి కూడా.

రైతుబిడ్డా, మీ వైపు ఇంకెవరికైనా 3ఎ వస్తే పేరూ గుంటలతో ఆపొద్దని చెప్పండి. ట్రాఫిక్ లెక్క ఏ తేదీల్లో తీశారు, ఊరు దాటిపోయే బండ్లు ఎన్ని, బైపాస్‌ను ఎందుకు వద్దన్నారు లేదా ఎందుకు కావాలన్నారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగమనండి. అభ్యంతరాన్ని ఒప్పుకున్నా, తోసిపుచ్చినా అభ్యంతరాలు వినే 3సి సెక్షన్ కింద అధికారి ఆర్డరు ఇవ్వాల్సిందే. ఆ కాపీ తీసుకుని దాచుకోమనండి.