అప్‌డేట్: ఆ చిన్న హెడ్‌స్టాక్‌లో 12 కీలు ఎలా పట్టాయంటే

ఆ మధ్య అడిగాను కదా, రికెన్‌బ్యాకర్ 360/12 అనే 12 తీగల ఎలక్ట్రిక్ గిటార్ హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు చుట్టే భాగం) ఆరు తీగల గిటార్‌దంత చిన్నగా ఉంటుంది, మిగతా ఆరు కీలు (తీగ బిగించి శ్రుతి చేసే మరలు) ఎక్కడ పెట్టారు అని. చాలామంది జవాబిచ్చారు, థ్యాంక్స్. నిన్న మా కొలీగ్ దగ్గరున్న పాత పీసుకి తీగలు మార్చే ఛాన్స్ దొరికింది.

ఆరు కీలు మామూలుగానే పక్కలకి ఉన్నాయి. మిగతా ఆరింటి కోసం చెక్కలో రెండు పొడవాటి గాళ్లు తవ్వారు. వాటి పిడులు వెనక్కి తిరిగి ఉంటాయి, తీగ క్లాసికల్ గిటార్‌లో లాగా గాడిలోకి దిగి చుట్టుకుంటుంది. చూడ్డానికి ముచ్చటే గానీ తీగ ఎక్కించేటప్పుడు వేలు పట్టదు. నాకు మొత్తం రెండు గంటలు పట్టింది!

ఒక తప్పు కూడా చేశాను. అలవాటు కొద్దీ, ఒక లావు తీగ, ఒక సన్న తీగ కలిసుండే నాలుగు జతల్లో సన్న తీగని పైన వేశాను. రికెన్‌బ్యాకర్‌లో అది తిరగేసి ఉంటుంది: మీటు కిందికి వస్తుంటే ముందు లావు తీగే తగలాలి. మళ్లీ విప్పి సరిచేశాక గానీ ఆ గలగల రాలేదు.

నెక్ మాత్రం ఇరుకే. నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ) దగ్గర దాదాపు 41 మిల్లీమీటర్లు, అందులో 12 తీగలు! నా లావు వేళ్లకి డి కార్డ్ పట్టడమే గగనం. లోపల ట్రస్ రాడ్లు (నెక్ వంగకుండా పట్టి ఉంచే ఇనప కడ్డీలు) రెండున్నాయి, వాటి జోలికి వెళ్లలేదు. 1965లో వచ్చిన ఫెండర్ ఎలక్ట్రిక్ ట్వెల్వ్‌లో ఈ గాళ్ల గొడవ లేదు, హాకీ కర్రలాంటి పొడుగాటి హెడ్‌స్టాక్‌కి అటు ఆరు, ఇటు ఆరు. తీగలు మార్చేవాడికి అదే సుఖం.