మొదటి ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) ట్రైనర్ విమానంగా ఏది కొనాలి?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాను. రిమోట్ విమానాలు నడపడం కొత్తగా నేర్చుకోవాలని ఉంది. ఒక యుద్ధవిమానం నమూనా చాలా నచ్చింది. తొలి విమానంగా అది తగునా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: తగదండీ. రెక్క విమానం పైభాగాన అమరి, ఆ రెక్క కొనలు కాస్త పైకి లేచి ఉండే ఫోమ్ ట్రైనర్‌ను, అంటే నేర్చుకునేవారి కోసం ఫోమ్‌తో చేసిన విమానాన్ని, ఎంచుకోండి. అటువంటి విమానం ఒక పక్కకు ఒరిగినా, స్టిక్ వదలగానే తనంతట తానే సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది, పైగా నెమ్మదిగా ఎగురుతుంది గనుక మీకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అందం సంగతి తరువాత చూసుకోవచ్చు.

జవాబు: మూడు ఛానెళ్లది (ఛానెల్ అంటే రిమోట్‌తో విడిగా నడిపే ఒక్కో నియంత్రణ) సులువే గానీ, నా మట్టుకు నాలుగు ఛానెళ్లదే మేలు, ఐలెరాన్ల (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క వెనక అంచు పలకల) అలవాటు మొదటినుంచే పడుతుంది. వాడని రోజుల్లో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

జవాబు: కొనేముందే చోటు చూసుకోండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలో విమాన స్థావరాలున్నాయి. కాబట్టి ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ అయిన డిజిటల్ స్కై పటంలోని ఎరుపు, పసుపు మండలాల్లో అనుమతి లేనిదే ఎగరవేయరాదు.